తొమ్మిది గొంతులు

ఆయనకు అసలు పేరంటూ ఒకటి ఉందిగానీ, పింఛను కాగితాల మీద తప్ప అది ఎక్కడా పనికి రాలేదు. తెలిసినవాళ్లందరికీ ఆయన మైకు. ముప్ఫై మూడేళ్లు బస్టాండులో అనౌన్సరుగా చేశాడు. ప్లాట్‌ఫారాల నడుమ నాలుగు మెట్ల ఎత్తున అగ్గిపెట్టెంత గది, అందులో ఒక బల్ల, బల్ల మీద టైముల పట్టిక, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు, మైకు, ఆ మైకు ముందు ఈ మైకు. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో తను చెబుతుంటే, సామాన్లు మోసుకుని పరుగెత్తేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి వింటారని ఆయన నమ్మకం. తప్పిపోయిన పిల్లల సంగతి చెప్పేటప్పుడైతే గొంతులో సన్నటి జీర తెప్పించేవాడు. తల్లి ఏడుస్తూ వచ్చి బిడ్డను చంకనేసుకుని, ఆ గొంతు గురించి ఒక్క మంచిమాటైనా అనకుండా వెళ్లిపోతే ఆయనకు మనసులో చిన్నతనంగా ఉండేది.

రిటైరై రెండేళ్లయింది. భార్య అంతకుముందే పోయింది. ఇప్పుడు ఆయన గొంతు వినడానికి మిగిలింది మనవరాలొక్కతే.

పాపకు ఏడేళ్లు. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు ఉద్యోగరీత్యా వారంలో అయిదు రోజులు వేరే ఊళ్లో ఉంటాడు. అందుకని బడి వ్యాను పాపను తాతగారింటి ముందు దింపేటట్టు, ఆరున్నరకు కూతురు వచ్చి తీసుకెళ్లేటట్టు ఏర్పాటు చేసుకున్నారు. పాప చురుకైనదే, లెక్కల్లో మొదటి మార్కులు దానివే. కాకపోతే నత్తి. నాలుగో ఏట మొదలైంది. మాట నోటిదాకా వచ్చి, గడప తట్టుకున్నట్టు అక్కడే తడబడుతుంది. గురువారం గురువారం కూతురు దాన్ని మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ డాక్టరమ్మ ఇంట్లోవాళ్లందరికీ ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది. "దాని మాట అది పూర్తిచేసేదాకా ఆగండి. మీరు అందించకండి."

మైకు ఆగలేకపోయేవాడు. పాప "ప... ప..." అనడం ఆలస్యం, "పలకా? పటమా? పడిపోయిందా?" అని తనే అందించేసి, అందించినందుకు మెచ్చుకోలు కోసం చూసేవాడు. ఒక్క అక్షరం తడబడకుండా బతుకంతా మాట్లాడిన మనిషి ఇంట్లో ఈ నత్తి ఏమిటని ఆయనకు కంటగింపుగా ఉండేది. ఒకసారి పక్కింటావిడతో, "అది వాళ్ల నాన్న వైపు నుంచి వచ్చుంటుందండీ" అని కూడా అన్నాడు. అల్లుడి వైపు నత్తి ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఆ పుస్తకం వానలు మొదలైన కొత్తలో దొరికింది. లైబ్రరీవాళ్లు అట్టలు చిరిగిన పుస్తకాలన్నీ వరండాలో గుట్టగా పోసి, కావలసినవాళ్లని పట్టుకుపొమ్మన్నారు. పేపరు చదువుకుందామని వెళ్లిన మైకు, ఆ గుట్టలో ఆకుపచ్చ అట్ట కొస ఒకటి చూసి, వంగి లాగాడు. లాగి, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. 'తోటలో తొమ్మిదిమంది'. అట్ట మీద ఒకదాని వెనక ఒకటిగా తొమ్మిది జంతువులు. యాభై ఏళ్లుగా ఆయన ఎదురుపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చిన పుస్తకం.

అయిదో తరగతిలో మాస్టారు శనివారం ఆఖరి గంటలో ఆ పుస్తకం చదివించేవాడు. ఒక రోజు అది ఈయన చేతికిచ్చి నిలబెట్టాడు. తాబేలుకు బొంగురు గొంతు, ఉడతకు కీచు గొంతు, కాకికి ముక్కుతో, ముసలి ఎద్దుకు కడుపులోంచి, ఇలా తొమ్మిదింటికీ తొమ్మిది గొంతులు పెట్టి చదివాడు. తరగతంతా కడుపు పట్టుకుని నవ్వింది. మాస్టారు కూడా కళ్లు తుడుచుకున్నాడు. 'నాకొక గొంతుందని ఆ రోజే తెలిసింది' అని మైకు తన రిటైర్మెంటు సభలో కూడా చెప్పాడు.

పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం నుంచే పాపకు రోజుకో పాఠం చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిది గొంతులూ చెక్కుచెదరలేదు. పాపకు తాబేలంటే పిచ్చి పట్టింది. "మ... మళ్లీ తాబేలు!" అని మోకాలు పట్టుకుని ఊపేది. ఆ అయిదు రోజులూ మైకు గాల్లో తేలాడు. గురువారం డాక్టరమ్మ కూడా, పాప ఈ వారం బాగా మాట్లాడుతోందే అందట. ఆ మాట కూతురు చెబితే, "మరి వింటున్నది ఎవరి గొంతు?" అన్నాడు.

ఆరో పాఠం పేరు 'బెబ్బె తెచ్చిన వార్త'. ఆయన ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమే. పుస్తకం మొత్తానికి నవ్వంటే ఇదేనని గుర్తు. "రేపు చూడు, నవ్వలేక చస్తావు" అని ముందురోజే పాపను ఊరించి పెట్టాడు.

బెబ్బె ఒక మేకపిల్ల. దానికి నత్తి. తోట కంచె పక్కన వలతో నక్కి ఉన్న వేటగాణ్ణి చూస్తుంది. మిగతా ఎనిమిదింటికీ చెప్పాలని ఒగరుస్తూ పరుగెత్తుకొస్తుంది.

"వే... వే... వే..." అన్నాడు మైకు, కళ్లు తేలేసి, గడ్డం వణికిస్తూ.

పాప మొహంలో నవ్వు వచ్చింది, కానీ సగంలో ఉండిపోయింది.

"వేరుశనక్కాయలా? ఎక్కడెక్కడ?" అన్నాడు ఉడత గొంతుతో.

"వే... వే..."

"వేడిగా ఉందా? పోయి నీడలో పడుకో" అన్నాడు తాబేలు గొంతుతో.

"వే... వే... వే..."

"వేలు తెగిందా? నీకు వేళ్లెక్కడివే, గిట్టలు కదా!" అన్నాడు కాకి గొంతుతో.

పాప ముందుకు జరిగింది. ఎనిమిది జంతువులకూ తెలియనిది తనకు తెలిసిపోయింది. వాటికి చెప్పాలి, వేళ మించిపోతోంది. తరగతిలో ఎత్తినట్టు చెయ్యెత్తింది. "తా... తాతయ్యా! నాకు తెలుసు! అది వే... వే... వే..."

మైకు పుస్తకంలోంచి తలెత్తలేదు. ఉడత గొంతు నాలుక మీద సిద్ధంగా ఉంది.

"వేరుశనక్కాయలా? ఎక్కడెక్కడ?" అన్నాడు.

అని, నవ్వు కోసం ఆగాడు కూడా. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఉడత ఎలా ఆలకిస్తుందో అలా పెట్టి, ఆగాడు.

నవ్వు రాలేదు. తలెత్తి చూశాడు. పాప నోరు ఇంకా తెరిచే ఉంది. అది ఆయన కళ్లలోకి చూడడం లేదు, నోటికేసి చూస్తోంది. మెల్లిగా నోరు మూసింది. లేచి, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని, జిప్పు లాగి, వీధి గుమ్మం పక్కన పీట మీద కూర్చుంది.

"సరదాకన్నానమ్మలూ" అన్నాడు మైకు. "నిన్ను కాదు. ఆ మేకని."

ఆ మాటతో పాప మొహం ఇంకా అటు తిప్పుకుంది. అమ్మ వచ్చేదాకా కదల్లేదు.

మర్నాడూ మాట్లాడలేదు, ఆ మర్నాడూ లేదు. పాలు తాగుతావా అంటే తలూపుతుంది. హోంవర్కుందా అంటే తలూపుతుంది. నాలుగు రోజులు ఇలా గడిచాక కూతురికి అనుమానం వచ్చింది. ఇంట్లో మాట్లాడుతుంది, బడిలో మాట్లాడుతుంది, ఈ గడప తొక్కితే నోరు పెగలదు. "ఏమైందే?" అని అడిగితే పాప అలమార మీదున్న ఆకుపచ్చ పుస్తకాన్ని వేలు పెట్టి చూపించింది.

కూతురు ఆ పాఠాన్ని వంటింటి గట్టుకు ఆనుకుని, నిలబడే చదివింది. ల్యాబులో రిపోర్టు చదివినట్టు, మొహంలో ఏమీ కనపడనియ్యకుండా చదివి, మూసింది.

"ఇదా? ఇదేనా నాన్నా, నువ్వు ప్రాణం అని చెప్పిన పుస్తకం?"

"పాతకాలం పుస్తకమమ్మా. అప్పట్లో అలాగే రాసేవాళ్లు."

"రాసినవాడి గొడవ నాకెందుకు? నువ్వేం చేశావు?"

ఆయన చెప్పాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. "పొరపాటున నోరు జారింది" అన్నాడు.

"నీ నోరా? ముప్ఫై మూడేళ్లలో ఒక్కసారి కూడా జారలేదని నువ్వేగా చెప్పుకుంటావు" అంది కూతురు. పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత మైకు ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా, గొంతు లేకుండా, కళ్లతో చదివాడు. అలా చదవడం అదే మొదటిసారి. ఆరో పాఠం చివర ఏమవుతుందో ఆయనకు అసలు గుర్తేలేదు. వేటగాడు వస్తాడు. కుందేలును పట్టుకుపోతాడు. మిగిలినవన్నీ సభ చేసి, తప్పంతా బెబ్బెదేనని తేల్చి, ఇక మీదట మాట్లాడకుండా దాని మూతికి తీగ కట్టి, మెడలో గంట కడతాయి. ప్రమాదం కనిపిస్తే గంట ఊపాలి. 'బెబ్బె ఎంతో సంతోషించింది. ఆనాటి నుంచి తోటలో అందరూ హాయిగా ఉన్నారు' అని పాఠం ముగుస్తుంది. కింద బొమ్మ. మూతి కట్టేసి ఉంది కాబట్టి బొమ్మ వేసినవాడు నవ్వును కళ్లలో వేశాడు.

కుందేలు పోయిన సంగతే ఆయన యాభై ఏళ్లుగా మరిచిపోయాడు. వేరుశనక్కాయలు మాత్రం గుర్తున్నాయి.

రెండో బెంచీలో తన పక్కన కూర్చున్న పిల్లవాడు కూడా గుర్తే. వాడికి నత్తి. మాస్టారు ఈ పాఠం వచ్చినప్పుడల్లా వాణ్ణి లేపి నిలబెట్టేవాడు. "మేక వేషం నీదేరా. నీకు నటించే పని కూడా లేదు" అనేవాడు. వాడు 'వే... వే...' అనడం, మైకు ఎనిమిది గొంతులతో జవాబులు చెప్పడం. శనివారం గంట అయిపోయినా ఆట అయిపోలేదు. వాడి పేరు బెబ్బె అయింది. వాడు ఏ మాట ఎత్తుకున్నా మైకు అందుకునేవాడు, తరగతి వంత పాడేది. ఒక రోజు లెక్కల క్లాసులో వాడు లేచి నిలబడి "బ... బ..." అన్నాడు. బయటికి వెళ్లాలి వాడికి. మైకు మొదలుపెట్టాడు. "బఠాణీలా? బండి కావాలా? బల్లి పడిందా?" ఒక్కొక్క బెంచీ నుంచీ ఒక్కొక్క మాట. వాడు ఎర్రబడి, తెల్లబడి, చివరికి బెంచీ కింద నేల తడిసింది. ఆ తర్వాత వాడు బడికి రాలేదు. వాళ్ల నాన్న వాణ్ణి అద్దాల కొట్లో పనికి పెట్టాడు.

ఆ సంగతి మైకు ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది కాదు. రిటైర్మెంటు సభలో చెప్పాడు. "మా బెంచీమేటు ఒకడుండేవాడండీ" అని మొదలుపెట్టి, బఠాణీలు, బల్లి, అన్నీ గొంతులు మార్చి మరీ చెప్పాడు. డిపో మేనేజరు దగ్గర నుంచి స్వీపరు దాకా పడీ పడీ నవ్వారు.

బెంచీమేటు ఎక్కడున్నాడో వెతుక్కోవలసిన పని లేదు. ఇప్పుడా అద్దాల కొట్టు అతనిదే. బజారు వీధి మలుపులో, ముందు నిలువుటద్దాలు వరసగా పెట్టి ఉంటాయి. మైకు వాటిలో తన మొహం చూసుకుంటూ వెయ్యిసార్లు ఆ దారిన నడిచాడు, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లాలనిపించింది. క్షమాపణ అడగాలి. పనిలో పనిగా, ఇన్నేళ్లు నత్తితో నెగ్గుకొచ్చినవాడు కదా, పాపకేం చెయ్యాలో అడగాలి. అన్నిటికీ మించి, కూతురితో 'వెళ్లి క్షమాపణ అడిగాను' అని చెప్పాలి. ఈ మూడింట్లో ఏది ముందో ఆయన తేల్చుకోలేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి మాటలు రెండుసార్లు చెప్పుకున్నాడు. పుస్తకం సంచిలో వేసుకున్నాడు, అతని కళ్ల ముందే చింపి పారేద్దామని.

పొద్దున పదకొండు గంటలప్పుడు వెళ్లాడు. గోడ వెంట చెక్క చట్రాల్లో గాజు పలకలు నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో దుప్పటి పరిచిన పెద్ద బల్ల. దాని చుట్టూ నలుగురు పనివాళ్లు. బల్ల మీదికి వంగి, స్కేలు ఆనించి, కట్టరుతో పలక మీద గీత లాగుతున్నాడు యజమాని. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, ముంజేతుల నిండా పాత గాట్లు.

"ఏం కావాలి సార్?" అన్నాడు పనివాళ్లలో పెద్దాయన.

"యజమానిగారితో రెండు మాటలు మాట్లాడాలి."

కట్టరు గీత మధ్యలో ఒక్క క్షణం ఆగింది. మళ్లీ సాగి, చివరిదాకా వెళ్లింది. యజమాని పలకను బల్ల అంచుకు జరిపి, రెండు చేతులతో వంచి, టప్పున విరిచాడు. ముక్క పక్కన పెట్టి అప్పుడు వెనక్కి తిరిగాడు.

"మ... మ... మైకు" అన్నాడు.

నత్తి అలాగే ఉంది. కానీ తొందర లేదు. మాట ఆగినప్పుడు అతను ఆగి, ఎదుటివాడి మొహంలోకే చూస్తూ నిలబడుతున్నాడు. కళ్లు దించుకోవలసింది వినేవాడే.

"గుర్తుపట్టావే! యాభై ఏళ్లయింది" అన్నాడు మైకు.

"బస్టాండులో వి... విన్నాగా. ఒక్కసారి విన్నా. మళ్లీ అటు రా... రాలేదు. ఎక్కడికెళ్లినా రైల్లోనే. రైలు లేని ఊళ్లకి వె... వెళ్లలేదు. మా అక్క కూతురి పెళ్లికి కూడా. ఎందుకు రాలేదురా అని అక్క చ... చచ్చిపోయేదాకా అడిగింది."

మైకు గొంతు సవరించుకున్నాడు. చెప్పుకొచ్చిన మాటలు చెప్పాడు. తెలియనితనం, పసితనం, పాపభారం, ఈ వయసులో కలిగిన జ్ఞానోదయం, అన్నీ వరసగా వచ్చాయి. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. తప్పిపోయిన పిల్లల కోసం వాడే జీర కూడా చివర్లో వచ్చింది, ఆయన కావాలని తెచ్చిందో దానంతట అదే వచ్చిందో.

"బా... బాగా చెప్పావు" అన్నాడు యజమాని. "పుస్తకం తెచ్చావా?"

"తెచ్చాను. నీ ముందే చింపేస్తాను."

"చింపడమెందుకు? చ... చదువు. ఆ పాఠం. వీళ్లెవరూ వినలేదు." పనివాళ్లకేసి తిరిగి, "ఆపండి కాసేపు. ఈయన బ... బస్టాండు మైకుగారు. మనకో కథ చదువుతారు" అన్నాడు.

"వద్దు. నా వల్ల కాదు" అన్నాడు మైకు.

"అడిగింది ఇస్తావేమో అనుకున్నా. పో... పోనీలే." యజమాని మళ్లీ కట్టరు తీసుకున్నాడు.

మైకు పుస్తకం తీశాడు. పేజీ వెతికాడు. మొదటి నాలుగు వాక్యాలూ పేపరు చదివినట్టు చప్పగా చదివాడు.

"అలా కాదు. అ... అప్పట్లా."

మైకు చదివాడు. మొదట ఉడత గొంతు బొంగురు పోయింది. పనివాళ్లలో ఒకతను మొహమాటానికి నవ్వాడు. తాబేలు గొంతుకు నిజంగానే నవ్వాడు. కాకి దగ్గరికి వచ్చేసరికి నలుగురూ నవ్వుతున్నారు, ఒకతను తొడ చరుచుకున్నాడు. ఎన్నాళ్లయిందో ఆ చప్పుడు విని. ఆ నవ్వు ఆయన ఒంట్లోకి వేడిగా దిగింది. గడ్డం వణికించాడు, కళ్లు తేలేశాడు, 'వే... వే... వే...' అన్నప్పుడు మోకాళ్లు కూడా వంచాడు. ముసలి ఎద్దుకు కొత్తగా ఒక దగ్గు కలిపాడు. పుస్తకంలో లేని మాట కూడా ఒకటి కలిపాడు, "వేతనం పెంచమంటావా?" అని. కుందేలు పోయింది, సభ జరిగింది, తీగ కట్టారు, గంట కట్టారు. 'అందరూ హాయిగా ఉన్నారు' అని, ఆఖరి మాటను గాల్లో కాసేపు నిలబెట్టి, దించాడు.

తలెత్తేసరికి కొట్లో చప్పుడు లేదు. నవ్వు ఎక్కడ ఆగిపోయిందో ఆయన గమనించనే లేదు. పనివాళ్లు నలుగురూ నేలచూపులు చూస్తున్నారు. యజమాని మాట్లాడితే ఎలా ఉంటుందో రోజూ వినేవాళ్లు వాళ్లు, వాళ్లకు ఎక్కడో మధ్యలో తెలిసిపోయింది. నవ్వు మిగిలి ఉన్న మొహం ఆ కొట్లో ఒక్కటే. పనివాళ్ల వెనక నిలబెట్టిన అద్దంలో అది ఆయనకే కనిపించింది.

"చిన్నపిల్లలన్నాక అంతే, మ... మరిచిపోండి అంటుంది మా ఆవిడ" అన్నాడు యజమాని. "పెళ్లయినప్పటి నుంచీ అంటోంది. నేనూ అలాగే స... సరిపెట్టుకున్నా. చిన్నతనం అనుకున్నా. చిన్నతనం కాదు. అది ను... నువ్వే."

"నువ్వే చదవమన్నావు" అన్నాడు మైకు.

"చదవమన్నా. క... కలపమనలేదు."

ఇక దాచుకోవడానికి మైకు దగ్గర ఒక్కటే మిగిలింది. పాప సంగతి చెప్పాడు. ఏడేళ్లని, నత్తి ఉందని, ఇప్పుడు తన దగ్గర నోరు విప్పడం లేదని. "నువ్వు అనుభవించినవాడివి. ఏదైనా దారి చెప్పు."

యజమాని చేతిలోని కట్టరు బల్ల మీద పెట్టాడు. 

"అంటే నా కో... కోసం రాలేదన్నమాట" అన్నాడు. తర్వాత, "పాపని నీ దగ్గర వ... వదలొద్దని చెప్పు మీ అమ్మాయికి. అదే దారి."

"క్షమించానని ఒక్క మాటైనా..."

"ప... పనుంది" అని యజమాని ఇంకో పలక దించడానికి చట్రం దగ్గరికి వెళ్లాడు.

ఆ సాయంత్రం కూతురు వచ్చినప్పుడు మైకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రిటైర్మెంటు సభలో చెప్పిన బెంచీమేటు దగ్గరికి, అద్దాల కొట్టుకు వెళ్లి క్షమాపణ అడిగొచ్చానన్నాడు. అంతవరకు నిజమే. ఆ పైన నోరు దానంతట అదే సాగింది. "చూడగానే గుండెలకు హత్తుకున్నాడమ్మా. ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఎప్పటి సంగతిరా, నేనెప్పుడో మరిచిపోయానన్నాడు. టీ తాగిందాకా వదల్లేదు."

కూతురు ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు వెళ్తావనుకోలేదు నాన్నా" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపను దగ్గరికి తీసుకుని, తాతయ్య తప్పు చేశాడని, ఎవరికి చేశాడో వాళ్ల దగ్గరికే వెళ్లి సారీ చెప్పాడని, అది చాలా కష్టమైన పనని చెప్పింది. పాప వింది. మైకు మొహంలోకి చూసింది. ఆ వారమంతా, మాట్లాడకపోయినా, దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒకసారి బొమ్మ గీసి చూపించింది కూడా. మైకు తన అబద్ధాన్ని తనే సగం నమ్మాడు. టీ గ్లాసు ఏ రంగులో ఉందో కూడా ఆయనకు కనిపించసాగింది.

తరువాతి గురువారం కూతురు ఒక్కతే లోపలికి వచ్చింది. పాప వీధిలో గేటు దగ్గరే నిలబడింది.

"డాక్టరమ్మ దగ్గర నుంచి వస్తూ అద్దాల కొట్టుకు వెళ్లాను" అంది. "థాంక్స్ చెబుదామని."

మైకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆయన నాకేమీ చెప్పలేదు. 'మీ నాన్న ఏం చెప్పాడో అదే అనుకోండి' అన్నాడు. పనివాళ్లలో ఒకాయన గుమ్మందాకా వచ్చి చెప్పాడు. 'మేం నవ్వడం ఆపేశాంగానీ అమ్మా, మీ నాన్నగారు ఆపలేదు' అన్నాడు. తప్పు తనదన్నట్టు తల దించుకుని చెప్పాడు."

"వాడే బలవంతంగా చదివించాడమ్మా. ఇరికించాడు నన్ను."

"హత్తుకున్నాడన్నావు."

మైకు కుర్చీ చేతిని గోకుతూ కూర్చున్నాడు. ఆఖరికి, "పాప మాట్లాడిందా అక్కడ?" అన్నాడు.

"మాట్లాడింది. అద్దం అంచు ఎందుకు ఆకుపచ్చగా ఉంటుందని అడిగింది. అడగడానికే బోలెడంత సేపు పట్టింది. ఆయన చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జవాబు చెప్పడానికి ఆయనకీ అంత సేపూ పట్టింది. ఇదీ నిలబడి వింది. మళ్లీ ఎప్పుడైనా తీసుకురావచ్చా అని అడిగాను. గాజు ముక్కలుంటాయి, పిల్లలు తిరిగే చోటు కాదన్నాడు."

"నవ్వుతూ అన్నాడా?"

"లేదు నాన్నా. ఆయనెందుకు నవ్వాలి?"

మాట్లాడుతూనే ఆమె అలమారలోంచి పాప గౌను, స్లిప్పర్లు, రంగు పెన్సిళ్ల డబ్బా తీసి సంచిలో వేసుకుంటోంది. సోమవారం నుంచి పాప సాయంత్రం దాకా బడిలోనే ఉంటుందని, అక్కడ చూసుకునే టీచరుందని చెప్పింది. కోపంగా చెప్పలేదు. ఆదివారాలు వస్తామంది. ఆకుపచ్చ పుస్తకం చేతికి తగిలితే దాన్ని పక్కకు జరిపి, దాని వెనకున్న పాప లెక్కల పుస్తకం తీసుకుంది.

అన్నట్టే ఆదివారాలు వస్తున్నారు. అల్లుడు కూడా వస్తాడు. ముందుగదిలో పాప వాళ్ల నాన్నతో కబుర్లు చెబుతుంది. బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో, టీచరు చెప్పు ఎలా తెగిందో, తడబడుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ గంటల తరబడి చెబుతుంది. మైకు గుమ్మంలో కనిపిస్తే ఆపేస్తుంది. కోపంతో కాదు, పెద్దవాళ్ల ముందు కాళ్లు ముడుచుకున్నంత మామూలుగా ఆపేసి, ఆయన అడిగినదానికి తలూపి, ఆయన వెళ్లేదాకా కూర్చుంటుంది. వంటింట్లో నిలబడితే మాత్రం అన్నీ వినిపిస్తాయి. అందుకని ఆయన ఆదివారాలు వంటింట్లోనే ఉంటున్నాడు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాడు, అదీ కుళాయి సన్నగా తిప్పి. "నాన్నా, ఇలా రా, ఏం చేస్తున్నావక్కడ?" అని కూతురు పిలిస్తే పలకడు. పలికితే ముందుగదిలో మాట ఆగిపోతుంది.